లెన్స్ డిజైన్ నేర్చుకోవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది బందరు. బీఎస్సీ ఎంపీసీఎస్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. కెమెరా లెన్సులు ఎలా డిజైన్ చేస్తారో నేర్చుకోవాలని చాలా కోరికగా ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే పాతిక పుస్తకాల పేర్లు కనిపించాయి, ఒక్కోటి వేలల్లో ఉంది. ఏవి కొనాలి? నేరుగా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే సరిపోదా? నాన్నేమో "దీనికి ఉద్యోగాలుంటాయా, బ్యాంకు కోచింగ్‌లో చేరు" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జవాబు: ఆ పాతిక పుస్తకాల జాబితా పక్కన పెట్టమ్మా. ఈ ఏడాదికి నీకు కావలసినవి రెండు పుస్తకాలు, ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్. ఆ రెండిట్లో ఒకటి మీ కాలేజీ లైబ్రరీలోనే ఉండి ఉంటుంది. రెండోది కొనాల్సి వచ్చినా మొదటిది పూర్తయ్యాకే కొను, ఈలోగా నాన్నగారిని డబ్బులు అడగొద్దు.

మొదటిది అజయ్ ఘటక్ రాసిన 'ఆప్టిక్స్'. ఐఐటీ ఢిల్లీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఆయన, ఫిజిక్స్ వాళ్లలో ఆ పుస్తకం తెలియని వాళ్లు తక్కువ. కానీ మన పిల్లలు ఇంటర్‌ఫియరెన్స్, డిఫ్రాక్షన్ లెక్కల కోసం దాన్ని తీసి, ముందున్న చాప్టర్లు తిప్పేసి వెళ్లిపోతారు. నీకు కావలసినవి సరిగ్గా ఆ తిప్పేసేవే: ఫెర్మా సూత్రం, గోళాకార తలాల దగ్గర వక్రీభవనం, మ్యాట్రిక్స్ పద్ధతి, ఆ వెంటనే అబెరేషన్లు, అంటే లెన్స్ ఇచ్చే బొమ్మని చెడగొట్టే దోషాలు. వంద పేజీలు కూడా ఉండవు. రెండు నెలలు తీసుకో, ప్రతి చాప్టర్ చివరి లెక్కలన్నీ చెయ్, ఒక్కటి కూడా వదలకు. హెక్ట్ రాసిన 'ఆప్టిక్స్' కూడా మంచిదే, ఎక్కడైనా అర్థం కాకపోతే అందులో జామెట్రికల్ ఆప్టిక్స్ మీద ఉన్న రెండు చాప్టర్లు చూడు, మొత్తం పుస్తకం ఇప్పుడే చదవాల్సిన పని లేదు.

నీకు సగం విషయం ఇప్పటికే వచ్చు, అది లెన్స్ డిజైన్ అని నీకెవరూ చెప్పలేదంతే. డిగ్రీ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ మీద పట్టకం పెట్టి, మెర్క్యురీ ల్యాంప్ వెలుగులో ఒక్కో రంగు గీతకి కనిష్ఠ విచలన కోణం కొలిచి, డిస్పర్సివ్ పవర్, అంటే గాజు రంగుల్ని ఎంతగా విడదీస్తుందో చెప్పే అంకె, లెక్కగట్టి రికార్డులో రాశావు కదా. ఆ అంకెని తిరగేస్తే వచ్చేదే, అంటే ఒకటిని దాంతో భాగిస్తే వచ్చేదే, అబ్బే నంబర్. లెన్స్ డిజైనర్ గాజు ఎంచుకునేటప్పుడు ముందు చూసేది వక్రీభవన గుణకం, దాని పక్కనే ఈ అబ్బే నంబర్. షాట్ కంపెనీ గాజు క్యాటలాగ్ ఉచితంగా దొరుకుతుంది, తెరిచి చూడు. బీకే7 అనే గాజుకి 517642 అని ఒక కోడ్ ఉంటుంది. అంటే వక్రీభవన గుణకం 1.517, అబ్బే నంబర్ 64.2. ఎఫ్2 అనే ఫ్లింట్ గాజు కోడ్ 620364. ఇప్పుడు దీన్ని నువ్వే చదవగలవు, నేను చెప్పక్కర్లేదు.

ఇక రెండో పుస్తకం, వారెన్ జె. స్మిత్ రాసిన 'మోడర్న్ ఆప్టికల్ ఇంజినీరింగ్'. 1966లో మొదటిసారి వచ్చింది, నాలుగో ఎడిషన్ దాకా నడిచింది. నా సలహా అడిగితే ఈ రంగంలో ఒకే పుస్తకం కొనగలిగిన వాళ్లు ఇదే కొనాలి. ఎందుకంటే స్మిత్ పనివాడిలా రాస్తాడు. కిరణాన్ని ఒక తలం నుంచి ఇంకో తలానికి వరసగా ఎలా లెక్కగట్టాలి, స్టాప్, అంటే కాంతిని కొంతవరకే లోపలికి వదిలే రంధ్రం, ఎక్కడ పెడితే ఏమవుతుంది, వర్క్‌షాప్‌లో ఎంత తేడా వరకూ ఒప్పుకోవచ్చు, ఇవన్నీ పక్కన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. పాత ఎడిషన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకో, మూలసూత్రాలు ఏమీ మారలేదు. ఒక్క జాగ్రత్త, ప్లస్ మైనస్ గుర్తుల పద్ధతి ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, అందుకని ఘటక్ లెక్కలు, స్మిత్ లెక్కలు ఒకే నోట్‌బుక్‌లో కలపొద్దు. మొదట్లో పిల్లలు విసిగిపోయి వదిలేసేది ఎక్కువగా ఈ గుర్తుల గందరగోళం వల్లే, సబ్జెక్టు కష్టమై కాదు.

పుస్తకం ఎలా చదవాలో చెప్పకుండా పేరు ఒక్కటే చెప్తే ఏం లాభం, ఒక లెక్క నీతో కలిసి చేస్తాను చూడు. 100 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ కావాలి. ఒక్క బీకే7 గాజుతో చేస్తే ఎర్ర కాంతి, నీలి కాంతి ఒకే చోట ఫోకస్ కావు. ఎంత తేడా అంటే ఫోకల్ లెంగ్త్‌ని అబ్బే నంబర్‌తో భాగించు, 1.56 మి.మీ. వస్తుంది. ఫొటోలో అంచుల చుట్టూ రంగు కనిపించేది దీనివల్లే. దీన్ని తగ్గించడానికి బీకే7తో ఒక కుంభాకార లెన్స్, ఎఫ్2తో ఒక పుటాకార లెన్స్ చేసి అతికిద్దాం. రెండు అబ్బే నంబర్లు 64.17, 36.37, వాటి తేడా 27.80. పవర్ అంటే ఒకటిని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేది. మొదటి లెన్స్ పవర్ మొత్తం పవర్‌కి 64.17 బై 27.80 రెట్లు, అంటే 2.308 రెట్లు ఉండాలి, రెండోది మైనస్ 1.308 రెట్లు. అంటే ఫోకల్ లెంగ్త్‌లు 43.3 మి.మీ., మైనస్ 76.4 మి.మీ. ఇది మీ సిలబస్‌లో ఉన్న అక్రోమాటిక్ డబ్లెట్ (రంగు దోషం తగ్గించిన జంట లెన్స్) షరతే, పరీక్షలో అయిదు మార్కులకి డెరివేషన్ రాసి మర్చిపోయి ఉంటావు.

ఇక్కడితో ఆగితే అది ఫిజిక్స్, ఇక్కడి నుంచి ముందుకెళ్తే డిజైన్. మొదటి లెన్స్ రెండు పక్కలా ఒకే వంపు పెడదాం అనుకుంటే వ్యాసార్ధం 44.8 మి.మీ. వస్తుంది. ఫ్లింట్ ముందు తలం దానికి అతకాలి కాబట్టి దానికీ అదే వంపు. అప్పుడు వెనక తలం ఎంత వస్తుందో లెక్కగట్టు, దాదాపు 810 మి.మీ. వస్తుంది, అంటే ఇంచుమించు చదును. చూశావా, లెక్క నిన్నే అడుగుతోంది, దీన్ని పూర్తిగా చదును చేసేస్తే అరగదీసే వాళ్లకి సులువు కదా, చేస్తే రంగు దోషం ఎంత తిరిగొస్తుంది అని. ఆ ప్రశ్నకి జవాబు వెతికిన రోజు నువ్వు డిజైన్ మొదలుపెట్టినట్టు. అలాగే రంగు పోయింది కదా అని గోళీయ విపథనం, అంటే లెన్స్ అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకే చోట కలవకపోవడం, పోదు, దానికి వంపులు అటూ ఇటూ మార్చాలి, దీన్నే బెండింగ్ అంటారు. ఒక పక్క చదునుగా ఉన్న లెన్స్ తీసుకుని, దూరంగా ఉన్న వస్తువు వైపు ఉబ్బు పక్కని పెట్టి ఒకసారి, చదును పక్కని పెట్టి ఒకసారి చూస్తే, రెండోసారి గోళీయ విపథనం దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. లెన్స్ అదే, తిప్పి పెట్టామంతే. ఎండలో ఒక కాగితం మీద సూర్యబింబం పడేలా పెట్టి ఇది నీ కళ్లతోనే చూడొచ్చు, కాకపోతే కాగితం కాలుతుంది, లెన్స్‌లోంచి సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ చూడొద్దు.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగావు. రెండేళ్ల కిందట ఒక ఇంజినీరింగ్ కుర్రాడు తన ప్రాజెక్టు తీసుకుని నా దగ్గరికొచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఆప్టిమైజ్ బటన్ నొక్కీ నొక్కీ స్పాట్ డయాగ్రమ్‌ని (కిరణాలు ఫోకస్ దగ్గర ఎక్కడెక్కడ పడతాయో చూపించే బొమ్మని) చుక్కలా తెచ్చాడు, చాలా సంతోషంగా ఉన్నాడు. లెన్స్ బొమ్మ పెద్దది చేసి చూపించమన్నాను. అంచు దగ్గర ముందు తలం, వెనక తలం ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి, అంటే అంచు మందం మైనస్‌లో ఉంది. అలాంటి లెన్స్ భూమ్మీద ఎవరూ చేయలేరు. ఆ అబ్బాయి తెలివైనవాడే, ఎవరూ అతనితో చేత్తో లెక్క చేయించలేదు, అంతే తప్పు. మన డబ్లెట్ లెక్కే తీసుకో. వ్యాసం 25 మి.మీ. అనుకుంటే 44.8 వ్యాసార్ధానికి ఒక్కో పక్క ఉబ్బు 1.78 మి.మీ., రెండు పక్కలా కలిపి 3.56. మధ్యలో మందం 3 మి.మీ. అని రాసేస్తే అంచు మాయమైపోతుంది. 6 మి.మీ. పెడితే అంచు దగ్గర 2.4 మిగులుతుంది, పట్టుకోవడానికీ బిగించడానికీ గాజు ఉంటుంది. ఒక్కసారి కాగితం మీద ఇది చేసినవాళ్లు జన్మలో ఆ పొరపాటు చేయరు.

అందుకే సాఫ్ట్‌వేర్ మూడో నెల తర్వాత. ఓస్లో ఎడ్యు ఎడిషన్ ఉచితం, పది తలాల వరకూ పెట్టుకోవచ్చు, నీకు ఏడాది దాకా అంతకంటే అక్కర్లేదు. కంప్యూటర్స్ చదివావు కాబట్టి పైథాన్‌లో రేఆప్టిక్స్ అనే ఉచిత లైబ్రరీ కూడా చూడు, ఇంకా మంచిది ఏంటంటే కిరణాల దారి లెక్కగట్టే ఒక చిన్న రే ట్రేసింగ్ ప్రోగ్రామ్ నువ్వే రాయడం. యాభై లైన్లు దాటదు, రేపు ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి దానికి మించింది లేదు. కంపెనీల్లో వాడేవి జీమ్యాక్స్, కోడ్ వీ. అవి తర్వాత నెల రోజుల్లో పట్టుబడతాయి.

అప్పుడొస్తుంది మూడో పుస్తకం, రుడాల్ఫ్ కింగ్‌స్లేక్ రాసిన 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్'. కొడాక్‌లో లెన్స్ డిజైన్ విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపి, రాచెస్టర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. 1978లో వచ్చింది, తర్వాత బారీ జాన్సన్ రెండో ఎడిషన్ తెచ్చారు. డబ్లెట్ నుంచి ట్రిప్లెట్‌కి ఎలా వెళ్లాలో అందులో చదువు. కుక్ ట్రిప్లెట్ అని 1893 నాటి డిజైన్, డెనిస్ టేలర్ అనే ఇంగ్లిష్ ఆయనది. మూడే గాజు ముక్కలు. ఆరు వంపులు, మధ్యలో రెండు ఖాళీలు, మొత్తం ఎనిమిది మార్చుకోదగ్గ అంకెలు. సరిచేయాల్సినవి అయిదు సైడెల్ దోషాలు (గోళీయ విపథనం లాంటి, రంగుతో సంబంధం లేని దోషాలు), రెండు రంగు దోషాలు, వాటితో పాటు ఫోకల్ లెంగ్త్, అవీ ఎనిమిదే. ఎనిమిది తెలియనివాటికి ఎనిమిది సమీకరణాలు! నాకు ఇప్పటికీ ఇది చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది. కింగ్‌స్లేక్ బరువుగా అనిపిస్తే హోసే సాసియాన్ 2019లో తెచ్చిన 'ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్' తీసుకో, చిన్నది, కొత్తది. జీమ్యాక్స్ చేతికొచ్చాక జోసెఫ్ గియరీ పుస్తకం పనికొస్తుంది, దాని పేరూ అదే, కొనేటప్పుడు రచయిత పేరు చూసుకో. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే అమెరికా రక్షణ శాఖ 1962లో వేసిన ఆప్టికల్ డిజైన్ హ్యాండ్‌బుక్ ఉంది, మిల్ హ్యాండ్‌బుక్ 141 అని వెతుకు, ఉచితంగా దొరుకుతుంది. పాతదని చిన్నచూపు చూడొద్దు, కిరణాల లెక్కలు అంత ఓపిగ్గా చెప్పినవి తక్కువ. కాన్రాడీ రాసిన 'అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్' పుస్తకాన్ని అందరూ గొప్పదంటారు, నిజంగా గొప్పదే, కానీ నీకు ఇప్పుడొద్దు. ఫోన్ కెమెరా లెన్సులు ప్లాస్టిక్‌తో, గోళాకారం కాని తలాలతో చేస్తారు, అవి వీటన్నిటి తర్వాతి మెట్టు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన భయంలో తప్పు లేదు. బీఎస్సీతో ఈ రంగంలో డిజైనర్ ఉద్యోగం రాదు, ఈ సంగతి ఇంట్లో దాచకు. రంగం చిన్నది, ఖాళీలు తక్కువ. కానీ పని తెలిసిన వాళ్లూ తక్కువే. మీ ఊళ్లోనే బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) యూనిట్ ఉంది, ఒకప్పటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, అక్కడ చేసేది రాత్రిపూట చూసే పరికరాలే. ఆ గేటు ముందు నుంచే రోజూ వెళ్తూ ఉంటారేమో, నాన్నగారికి గుర్తుచెయ్. డెహ్రాడూన్‌లో డీఆర్‌డీఓ వాళ్ల ఐఆర్‌డీఈ, బెంగళూరులో ఇస్రో వాళ్ల లియోస్, అహ్మదాబాద్‌లో ఉపగ్రహ కెమెరాలు చేసే స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, చండీగఢ్‌లో సీఎస్ఐఓ, ఇవన్నీ ఈ పని జరిగే చోట్లు. దారి ఏంటంటే ముందు ఎంఎస్సీ ఫిజిక్స్. ఐఐటీల్లో ఎంఎస్సీ సీటు కోసం జామ్ రాయి, సెంట్రల్ యూనివర్సిటీల కోసం సీయూఈటీ పీజీ రాయి, మన రాష్ట్ర పీజీసెట్ ఎలాగూ ఉంది. తర్వాత గేట్ రాసి ఆప్టిక్స్‌లో ఎంటెక్. తిరువనంతపురం ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజినీరింగ్ ఉంది, కలకత్తా యూనివర్సిటీలో అప్లైడ్ ఆప్టిక్స్‌కి విడిగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో.

అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే ఒక సంగతి ముందే తెలుసుకో, చాలామంది వెళ్లాక తెలుసుకుని బాధపడతారు. రాచెస్టర్, అరిజోనా ఈ సబ్జెక్టుకి పేరున్న చోట్లు, చదువు బాగుంటుంది. కానీ అక్కడ ఆప్టిక్స్ ఉద్యోగాల్లో రక్షణ రంగానివి బాగా ఉంటాయి, వాటికి ఎగుమతి నిబంధనల వల్ల పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. అప్పు చేసి వెళ్లేముందు ఇది లెక్కలో వేసుకోవాలి.

బ్యాంకు పరీక్ష రాయొద్దని నేను చెప్పను, ఇంటి పరిస్థితి నీకూ నాన్నగారికీ తెలుస్తుంది. ఆయన్ని ఒక్కటి అడుగు, ఎంఎస్సీ ఎంట్రన్సుల ఫలితాలు వచ్చేదాకా టైమ్ ఇమ్మని. మంచి చోట సీటు రాకపోతే అప్పుడు కోచింగ్ గురించి మాట్లాడుకుందాం అని నువ్వే చెప్పు, ఆయన మనసు కాస్త కుదుటపడుతుంది.

ఈ ఆదివారం లైబ్రరీ పుస్తకం కోసం ఆగకుండా ఆ డబ్లెట్ లెక్క మొదటి నుంచి నువ్వే చెయ్. ఈసారి ఫోకల్ లెంగ్త్ 150 మి.మీ. అనుకో, వ్యాసం 30. నాలుగు తలాలకీ వ్యాసార్ధాలు, రెండు గాజులకీ మధ్య మందం, అంచు మందం రాసి, చేత్తో బొమ్మ గీసి, ఆ పేజీల ఫొటోలు నాకు పంపు.