గొంతులో ముక్క అడ్డం పడి ఊపిరాడకపోతే ఏం చేయాలి?

మీ నాన్నగారికి మటన్ ముక్క అడ్డం పడితే మాడు మీద కొట్టి నీళ్లు పట్టించారు, అది సరైన పనేనా అని అడిగారు. కాదండీ. పొలమారితే మాడు తట్టడం మనకు అలవాటే గానీ, దానికి ఇరుక్కున్న ముక్క కదలదు. ఊపిరి దారి మూసుకుపోయినప్పుడు నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం.

ముందు చూడాల్సింది, మాటా దగ్గూ వస్తున్నాయా అని. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, పక్కనే ఉండండి చాలు. చప్పుడే రాకపోతే భయపడాలి.

కావలిలో బంధువుల పెళ్లి బంతిలో మా మామకు ఇలాగే అయింది. అరవలేదు, దగ్గలేదు. రెండు చేతులతో గొంతు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఏం మామా, అడ్డం పడిందా?" అంటే తల ఊపాడు, గొంతు పెగల్లేదు. పనిచేసే చోట నాకు ఫస్ట్ ఎయిడ్ నేర్పించి ఉన్నారు. ఆయన్ని ముందుకు వంచి, రొమ్ముకు ఒక చెయ్యి ఆనించి, వీపు మీద రెక్కల మధ్య అరచేతి అడుగుతో 5 దెబ్బలు వేశాను. రాలేదు. వెనక నిలబడి నడుం చుట్టూ చేతులు వేసి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ గుంజాను. అలా గుంజుతుండగానే ముక్క ఎగిరి విస్తట్లో పడింది. పెద్దాయన్ని కొట్టడమేంటని ఎవరో కోప్పడ్డారు. ఆ మొహమాటమే ప్రాణం తీస్తుంది. దెబ్బ గట్టిగానే పడాలి.

ఈ గుంజే పద్ధతిని 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా డాక్టరు చెప్పాడు. వీపు మీద 5, పొట్ట దగ్గర 5, ముక్క బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. గర్భిణులకైతే పొట్ట కాదు, రొమ్ము మధ్యలో గుంజాలి. స్పృహ తప్పితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి సీపీఆర్ (రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండటం) మొదలుపెట్టండి. నోట్లో ముక్క కనబడితేనే తీయండి, కనబడకుండా వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. ముక్క వచ్చేసినా ఆస్పత్రిలో చూపించాలి, పొట్ట గుంజినప్పుడు లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. మామను ఆ రాత్రే తీసుకెళ్లాం.

చేపల పులుసు తినే నెల్లూరోళ్లం కాబట్టి ఇంకో మాట. ముల్లు గుచ్చుకుని మాట్లాడగలుగుతుంటే ఇవేవీ చేయొద్దు. అన్నం ముద్దలు, అరటిపండు మింగించొద్దు, ముల్లు ఇంకా లోతుగా దిగొచ్చు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏడాదిలోపు బిడ్డకు పొట్ట అసలు గుంజకూడదు. ముంజేయి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద 5 దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో 5 సార్లు నొక్కడం. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే వేరుశనగ గింజలు చేతికివ్వకండి, తాటిముంజలు చిన్న ముక్కలు చేసి పెట్టండి.