రెక్కలు అతికించే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

ముక్కలు అతికించి తయారుచేసే లోహపు బొమ్మలు కొన్నావనీ, రెక్కలు విడిగా వచ్చే డ్రాగన్‌తోనే మొదలుపెడతానంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఈ పని మీద మనసుపడే మనిషి మన ఇంట్లో ఇంకొకరు ఉన్నందుకు పొంగిపోయాను. మొదటి బొమ్మే అంత బరువైనదని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

ముక్కలను సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వు. పోత పోసిన అచ్చు వదిలిన గీతలను సన్నని ఆకురాయితో తీసెయ్యి. జిగురు లేకుండా ఒకసారి అమర్చి చూసుకో. ప్లాస్టిక్ బొమ్మలు అతికించే సిమెంటు అనే జిగురు లోహానికి పనికిరాదు.

కాలేజీ రోజుల్లో మీ నాన్న ఇలాంటి రెక్కనే ఒట్టి సూపర్ గ్లూతో నిలబెట్టాలని చూశాడు. ఊడిపోయిన ప్రతిసారీ, పాత జిగురు గీకకుండానే, ఇంకాస్త పోశాడు. ఆ జిగురు గట్టిపడేది గాలిలోనూ అతుకు మీదా ఉండే కొద్దిపాటి తేమ వల్ల. పలచటి పొర క్షణాల్లో పట్టుకుంటుంది గానీ, మందంగా పోస్తే లోపల చాలాసేపు పచ్చిగానే ఉంటుంది. అలా మిగిలింది వేళ్ల మీదికి కారితే, కంగారులో పక్కనున్న నూలు గుడ్డతో అదిమి తుడిచాడు. నూలుకు ఆ జిగురు బాగా పట్టిందంటే ఒక్కసారిగా వేడి పుడుతుంది. గుడ్డలోంచి పొగ లేచింది, వేలు బొబ్బలెక్కింది, గుడ్డ చర్మానికి అంటుకుపోయింది. నేను చన్నీళ్లు ధారగా పోసి, ఆ తర్వాత సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసేదాకా వాడు పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. నీకు నడక నేర్పినప్పుడు నువ్వు పట్టుకున్న వేలు అదే, తల్లీ. కాబట్టి ఒళ్లో నూలు గుడ్డ వేసుకోవద్దు, నూలు తొడుగులు వద్దు, కళ్లజోడు లేకుండా జిగురు మూత తియ్యవద్దు. వేళ్లు అంటుకుంటే లాగకు.

ఇదంతా రెక్క బరువును జిగురు మీద వేసినందువల్ల వచ్చింది. సూపర్ గ్లూ గట్టిదే గాని పెళుసు. చిన్న దెబ్బకు పుటుక్కుమంటుంది. బరువు మోయాల్సింది ఇత్తడి తీగ. రెక్క మొదట్లో చేతి డ్రిల్లుతో సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, దాని అంచున రంగు చుక్క పెట్టి డ్రాగన్ ఒంటికి ఆనిస్తే, రెండో రంధ్రం ఎక్కడ రావాలో మచ్చ పడుతుంది. అక్కడా రంధ్రం చేసి, తీగ ముక్కను రెండింటిలోకీ దూర్చి, రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ జిగురును సమపాళ్లలో కలిపి అతికించు. 5 నిమిషాల్లో పట్టుకునే రకమైనా ఒక రోజు వరకు రెక్క కింద ఆసరా తియ్యకు.

ఇంకొక మాట కోపంగానే చెబుతున్నాను. నువ్వు గోళ్లు కొరుకుతావు. ఇప్పటి బొమ్మల్లో చాలావరకు తగరమే ఎక్కువ గాని, పాతవాటిలో తరచూ సీసం ఉంటుంది, అది నోట్లోకి పోతే విషం. ఎవరైనా పాత బొమ్మలిస్తే పొడిగా అరగదీయకు, తడిపి అరగదీయి. ఆ బల్ల దగ్గర ఏమీ తినకు. లేవగానే చేతులు సబ్బుతో కడుక్కో. గోళ్లు కొరికే అలవాటు మానేదాకా అసలు ఆ పాత బొమ్మల జోలికే వెళ్లకు.

రంధ్రాలు పూర్తయ్యాక, జిగురు కలపక ముందే నాకు ఫోటో పంపు. అవి ఎదురెదురుగా రాకపోతే బెంగపడకు. ఒకదాన్ని కాస్త వెడల్పు చేస్తే మిగిలిన ఖాళీని ఎపాక్సీ నింపుతుంది.

పెదనాన్న