రోజుకు 30 పదాలు బట్టీ పట్టినా నిలవట్లేదంటే

మీ అబ్బాయి రోజుకు 30 ఇంగ్లీష్ పదాలు బట్టీ పడుతున్నాడు, వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నాడు, గుర్తున్నవి కూడా వ్యాసంలో తప్పుగా వాడుతున్నాడు అన్నారు కదండీ. తప్పు వాడిది కాదు, లిస్టుది. ముందు 30ని 5కి దించండి.

మా అమ్మాయి ఒకసారి "మా టీచర్ చాలా నొటోరియస్" అని రాసింది. ఎందుకంటే బాగా పేరున్న అన్నంతవరకే చూసి, అది చెడ్డపేరన్న సంగతి వదిలేసింది! అందుకే పదాన్ని ఒంటరిగా రాయనివ్వకండి. "మిటిగేట్" (తీవ్రత తగ్గించడం) అని కాకుండా "మిటిగేట్ ద రిస్క్" అని జంటగా రాసుకుని, కింద సొంత వాక్యం ఒకటి రాయాలి.

లాటిన్ మూలాలు కొన్ని తెలిస్తే సగం పని అయిపోతుంది. "బెనె" అంటే మంచి, "మల్" అంటే చెడు. బెనిఫిట్, మాల్‌ఫంక్షన్ వాడికి తెలిసినవే కదా, అక్కడి నుంచి మంచి కోరేవాడు బెనెవలెంట్, చెడు కోరేవాడు మలెవలెంట్ అని వాడే ఊహించగలడు. (షాపింగ్ మాల్‌కి దీనితో చుట్టరికం లేదు లెండి.)

ఇక మరపు సంగతి. చదివిన కొత్తలోనే ఎక్కువ మర్చిపోతామని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. కాబట్టి మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకి అర్థం మూసిపెట్టి గుర్తు తెచ్చుకోమనండి. ఊరికే మళ్లీ చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, రాదు. నేర్చుకున్నవన్నీ ఒకే వ్యాసంలో కుక్కనివ్వకండి, రెండు మూడు చాలు.