కంపెనీ కట్టిన ఫీజు, మధ్యలో మానేసిన కోర్సు

ప్రశ్న: నమస్తే అండీ. డాలస్ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తున్నాను. ఉద్యోగం చేస్తూనే మాస్టర్స్ చేద్దామని ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో ఫాల్ సెమిస్టర్‌కి (ఆగస్టు చివర్లో మొదలయ్యేది) రెండు కోర్సులు తీసుకున్నాను. ఫీజు 6,000 డాలర్లు కంపెనీయే నేరుగా కట్టింది. క్లాసులు మొదలయ్యాక మేనేజర్ నన్ను నైట్ షిఫ్టుకి మార్చారు, ఇక సాయంత్రం క్లాసులకి వెళ్ళే దారి లేక మూడో వారం బుధవారం రెండు కోర్సులూ డ్రాప్ చేశాను. నాకు మంగళ, గురువారాల్లోనే క్లాసులు, అప్పటికి అయినవి ఐదే కదా, డబ్బు మొత్తం వెనక్కి వస్తుందనుకున్నాను. సగమే వచ్చింది, అదీ కంపెనీకి వెళ్ళింది. మిగతా 3,000 నన్నే కట్టమని, లేదంటే జీతంలోంచి కోసుకుంటామని హెచ్ఆర్ వాళ్ళు మెయిల్ పెట్టారు. షిఫ్టు మార్చింది వాళ్ళు, కట్టాల్సింది నేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు సగమే ఎందుకు వచ్చిందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలియక నష్టపోయేవాళ్ళు చాలామంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ లెక్క రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో కోర్సులన్నీ వదిలేసి పూర్తిగా బయటికి వచ్చేస్తే, క్లాసులు మొదలయ్యే రోజుకి ముందైతే మొత్తం వస్తుంది, మొదటి ఐదు క్లాస్ డేల్లో 80 శాతం, తర్వాతి ఐదింటిలో 70, ఆ తర్వాతి ఐదింటిలో 50, ఆపై ఐదింటిలో 25, అది కూడా దాటితే ఏమీ రాదు. ఇక్కడ క్లాస్ డే అంటే మీ క్లాసు జరిగిన రోజు కాదు, యూనివర్సిటీలో క్లాసులు నడిచే ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు తీసేసినా మీరు డ్రాప్ చేసిన మూడో వారం బుధవారం పన్నెండో క్లాస్ డే, అందుకే 50 శాతం దగ్గర ఆగింది.

ఇంకో సంగతి చెప్తే మీకు బాధగా ఉంటుంది, కానీ రాబోయే సెమిస్టర్‌కి తెలిసి ఉండాలి. కనీసం ఒక్క కోర్సులో కొనసాగుతూ ఇంకోటి మాత్రమే పన్నెండో క్లాస్ డే లోపల డ్రాప్ చేస్తే, ఆ డ్రాప్ చేసిన కోర్సు ఫీజు పూర్తిగా వెనక్కి వస్తుంది. అంటే అదే బుధవారం మీరు ఒక్క కోర్సే వదిలి ఉంటే 3,000 మొత్తం వచ్చేది, రెండో కోర్సులో చదువూ నిలిచేది. రెండూ వదలడంతో వచ్చిందీ అదే 3,000. పోర్టల్‌లో డ్రాప్ నొక్కే ముందు అడ్వైజర్‌కి ఒక్క ఫోన్ చేయమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

రిఫండ్ కంపెనీకి వెళ్ళడం సరైనదే. స్పాన్సర్ కట్టిన ఫీజు మామూలుగా స్పాన్సర్‌కే తిరిగి వెళ్తుంది. కానీ రిజిస్ట్రేషన్ అప్పుడు ఆన్‌లైన్‌లో మీరు ఒప్పుకున్న ఫైనాన్షియల్ రెస్పాన్సిబిలిటీ అగ్రిమెంట్ ఒకసారి తెరిచి చూడండి, ఎవరు కట్టినా కట్టకపోయినా యూనివర్సిటీకి బాకీదారు మీరేనని అందులో ఉంటుంది. రేపు కంపెనీ కట్టిన డబ్బు వెనక్కి లాక్కుంటే యూనివర్సిటీ వచ్చి పడేది మీ మీదే, కాబట్టి స్టూడెంట్ అకౌంట్‌లో బ్యాలెన్స్ సున్నా ఉందో లేదో రెండు వారాలకోసారి చూస్తూ ఉండండి.

ఇక అసలు ప్రశ్న, ఆ 3,000 మీరు కట్టాలా? అది మీరు సంతకం పెట్టిన ట్యూషన్ అసిస్టెన్స్ పాలసీలో, అంటే చదువు ఫీజు కట్టడానికి కంపెనీ పెట్టిన షరతుల్లో, ఏముందో దాన్నిబట్టే ఉంటుంది. చాలా పాలసీల్లో కోర్సు పూర్తి చేయకపోతే డబ్బు తిరిగి కట్టాలనే ఉంటుంది, కానీ కంపెనీ అవసరం కోసం షెడ్యూల్ మారిస్తే మినహాయింపు ఇచ్చేవి కూడా ఉన్నాయి. ఆ వాక్యం లేకపోయినా అడగండి, అడగడం మీ హక్కు అనే నా అభిప్రాయం. అడిగేది ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. షిఫ్టు మారుస్తున్నట్టు మేనేజర్ పంపిన మెసేజ్, పాత షెడ్యూల్, కొత్త షెడ్యూల్, కోర్సు టైమింగ్స్ ఒకేచోట జత చేసి, ఫలానా తేదీన షిఫ్టు మారింది, ఈ క్లాసుకి హాజరు కావడం కుదరలేదు, కాబట్టి ఈ మొత్తం మాఫీ చేయమని రాయండి. కోపం చూపించకండి, తేదీలు చూపించండి. మాఫీ కుదరదంటే నెలకింత అని వాయిదాలు అడగండి.

జీతంలో కోత గురించి మరీ భయపడకండి. జీతాల చెల్లింపు మీద ఉన్న టెక్సస్ పేడే చట్టం ప్రకారం ఇలాంటి కోతకి మీరు రాసిచ్చిన అనుమతి కావాలి. ఆ అనుమతి పాలసీ ఫారంలోనే కలిపేసి ఉండొచ్చు, అందుకే ఫారం కాపీ తెప్పించుకుని చదవండి, ఇప్పుడు కొత్తగా ఏదైనా పంపిస్తే చదవకుండా సంతకం పెట్టొద్దు. అనుమతి లేకుండా కోస్తే జీతాల ఫిర్యాదులు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఆ జీతం అందాల్సిన రోజు నుంచి 180 రోజుల లోపల.

యూనివర్సిటీ వైపు కూడా ఒక ప్రయత్నం చేయండి, రిఫండ్ అప్పీల్ లేదా పిటిషన్ పెట్టే వీలుందేమో ఫీజులు చూసే బర్సర్ ఆఫీసులో అడగండి. అనారోగ్యం, ఇంట్లో మరణం లాంటివి ఎక్కువగా ఒప్పుకుంటారు, ఉద్యోగంలో మార్పు కొన్నిచోట్లే చెల్లుతుంది, అదీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉంటేనే. ఆ ఉత్తరం ఇవ్వడం కంపెనీకీ లాభమే, వచ్చే డబ్బు వాళ్ళకే కదా.

ట్యాక్స్ సంగతి మర్చిపోకండి. యజమాని చదువుకి ఇచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ట్యాక్స్ ఉండదు, మీకు 6,000 కట్టారు కాబట్టి పైనున్న 750ని పేరోల్ వాళ్ళు జీతంలో కలిపి ఉండొచ్చు. 3,000 వెనక్కి వచ్చాక మిగిలింది పరిమితి లోపలే, ఆ 750 తీసేశారో లేదో డిసెంబర్ లోపల కనుక్కోండి, ఏడాది జీతం, ట్యాక్స్ లెక్క చూపే డబ్ల్యూ-2 ఫారం వచ్చాక దిద్దించడం పెద్ద తలనొప్పి. ఒకవేళ 3,000 మీ జేబులోంచే కట్టాల్సి వస్తే రసీదు దాచి, మీ ట్యాక్స్ లెక్కలు చూసే సీపీఏకి (అకౌంటెంట్‌కి) చూపించండి, కోర్సు మానేసినా వెనక్కి రాని ఫీజు మీద లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే, చదువు ఖర్చుకిచ్చే ట్యాక్స్ తగ్గింపు అడగొచ్చు, మీ ఆదాయం పరిమితి దాటకపోతే ఖర్చులో 20 శాతం, అంటే 600 వరకు ట్యాక్స్ తగ్గే అవకాశం ఉంది.

ప్రశ్న: ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సుకి నా క్రెడిట్ కార్డుతో ఫీజు కట్టాను, కంపెనీ ఆ డబ్బు ముందే నా అకౌంట్‌లో వేసింది. మొదటి వారంలోనే డ్రాప్ చేశాను, మొత్తం నా కార్డుకి వెనక్కి వచ్చింది. కంపెనీ ఇంతవరకు ఏమీ అడగలేదు. నేనే చెప్పాలా?
— ఒక పాఠకుడు

జవాబు: చెప్పాలి, ఈ వారంలోనే. ఆ డబ్బు మీది కాదు. కోర్సు అయ్యాక గ్రేడ్ చూపించమని ఎలాగూ అడుగుతారు, అప్పుడు బయటపడితే అది మరిచిపోవడంలా కనిపించదు, దొంగ క్లెయిమ్‌లా కనిపిస్తుంది, ఉద్యోగానికే ఎసరు రావొచ్చు. డ్రాప్ చేసిన తేదీ, రిఫండ్ పడిన కార్డ్ స్టేట్‌మెంట్ జత చేసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, చెక్కు ఇవ్వాలా, జీతంలో తగ్గించుకుంటారా అని మీరే అడగండి. కట్టాక, అందినట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి.