డక్ట్ క్లీనింగ్‌కి ముందు ఫిల్టరూ డ్రెయినూ చూడు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఇంట్లోనూ ఆఫీసులోనూ ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన వస్తోందని, చల్లగాలిని గదులకు మోసే గొట్టాలు, అంటే డక్టులన్నీ శుభ్రం చేయించాలా అని అడిగావు. ఇప్పుడే వద్దు నాయనా. డక్టు తనంతట తాను పాడవదు. ఫిల్టరు పక్క సందుల్లోంచి దూరే దుమ్మూ, బయటికి పోకుండా నిలిచే నీళ్లూ కలిసి దాన్ని పాడు చేస్తాయి. ఆ రెండూ ఆపకుండా డక్టు తుడిపిస్తే మళ్లీ అదే వాసన వస్తుంది.

ఏది ముట్టుకోవాలన్నా ముందు బ్రేకర్ కట్టెయ్. రిమోట్‌తో ఆపితే చాలదు. యూనిట్ లోపలి కెపాసిటర్‌లో కరెంటు కట్టేశాక కూడా ఛార్జి నిలిచి ఉంటుంది, దాని జోలికి నువ్వు వెళ్లకు.

మొదట రిటర్న్ గ్రిల్, అంటే గది గాలి ఏసీలోకి తిరిగి వెళ్లే జాలీ తెరిచి ఫిల్టరు తీయి. నైలాన్ జాలీ అయితే గోరువెచ్చని నీళ్లతో, దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనక వైపు నుంచి కడుగు. పూర్తిగా ఆరాకే పెట్టు, తడిగా పెడితే దుమ్ము బురదలా అంటుకుంటుంది. మడతల ఫిల్టరు కడగడానికి పనికిరాదు. నెలకోసారి చూసి మార్చు, సన్నరకమైతే మూడు నెలలు దాటనివ్వకు. ఫ్రేము మీది బాణం బ్లోవర్ (గాలిని నడిపే ఫ్యాను) వైపు చూడాలి. ఫ్రేముకీ గాడికీ మధ్య సందుంటే ఫోమ్ పట్టీ అంటించు. ఎంత ఖరీదైన ఫిల్టరైనా పక్కనుంచి గాలి పోతుంటే దండగే.

మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే అంకె. మెర్వ్ 8 ఉన్నచోట ఆలోచించకుండా మెర్వ్ 13 వేయకు. అది దుమ్మును బాగా పడుతుంది కానీ గాలిని కూడా అడ్డుకుంటుంది. బ్లోవర్‌కి ఆ శక్తి లేకపోతే గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు కడుతుంది. వాడని గదుల్లో గ్రిల్స్ మూసేసినా గాలి తగ్గి ఇదే తంతు. మంచు కనబడగానే గ్యాస్ నింపించకు, ముందు గాలి దారి చూడు. గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే లీకున్నట్టే, ఆ లీకు మూయకుండా నింపిస్తే డబ్బు గాల్లో కలిసినట్టే.

వాసన అసలు పుట్టేది చాలాసార్లు కాయిల్ కింద డ్రెయిన్ ట్రేలో. టార్చి వేసి చూడు. నాచులాంటి జిగురు ఉంటే తుడిచి, పైపులో ఒక కప్పు తెల్ల వినెగర్ పోసి, అరగంట ఆగి నీళ్లు పోసెయ్. బ్లీచింగ్ మాత్రం దాంతో ఎప్పుడూ కలపకు, క్లోరిన్ విషవాయువు వస్తుంది. పైపుకి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోనిది ట్రాప్, అంటే పైపులో నీళ్లు నిలిచే వంపు. చాలా యూనిట్లలో బ్లోవర్ కాయిల్ వెనక ఉండి గాలిని లాగుతుంది కాబట్టి ట్రే దగ్గర పీడనం తక్కువ. ట్రాప్ లేకపోయినా ఎండిపోయినా, బ్లోవర్ పైపులోంచి గాలిని లోపలికి పీలుస్తుంది. దాంతో నీళ్లు దిగవు, డ్రెయిన్ కంపు గదిలోకి వస్తుంది. అందుకే ఏసీ ఆపి పరీక్షిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ట్రేలో లీటరు నీళ్లు పోసి, ప్యానెల్ బిగించి, బ్లోవర్ నడుస్తుండగా పైపు చివర నీళ్లు పడుతున్నాయో లేదో చూడు. ఏసీ చాలాకాలం ఆపి ఉంచితే ట్రాప్‌లో మళ్లీ నీళ్లు పోసెయ్.

కాయిల్‌ని మెత్తటి బ్రష్‌తో రెక్కలు వంగకుండా, రెక్కలున్న దిశలోనే తుడవాలి. ప్రెషర్ వాషర్ లోపలి యూనిట్‌కీ బయటి యూనిట్‌కీ వద్దు.

ఇవన్నీ అయ్యాక గదిలోకి చల్లగాలి వచ్చే మూత, అంటే డిఫ్యూజర్ ఒకటి విప్పి, ఫోన్ కెమెరా లోపలికి పెట్టి చూడు. బూజు, ఎలుకల ఆనవాళ్లు, గదిలోకి రాలిపడేంత దుమ్ము కనిపిస్తే అప్పుడు క్లీనింగ్‌కి పిలువు. వచ్చేవాళ్లు డక్టుకి పెద్ద వాక్యూమ్ తగిలించి, లోపలి గాలిని బయటికి లాగుతూ బ్రష్ తిప్పాలి. బ్లోవర్, కాయిల్ వదిలేసి డక్టు ఒక్కటే చేస్తామంటే ఒప్పుకోకు. సువాసన మందు కొట్టి పోతామన్నా అంతే. లోపల ఫైబర్‌గ్లాస్ పొర తడిసి బూజు పట్టి ఉంటే అది శుభ్రం కాదు, ఆ ముక్క మార్పించు. చిరిగిన ఫ్లెక్సిబుల్ డక్టూ అంతే. ఆఫీసులో పని ముగిశాక ఫైర్ డ్యాంపర్లు (మంటలొస్తే డక్టును మూసే తలుపులు) తెరిచి ఉన్నాయో లేదో, స్మోక్ డిటెక్టర్ల మీద కప్పిన కవర్లు తీశారో లేదో నువ్వే నిలబడి చూడు.

అతుకుల్లో గాలి కారుతుంటే మాస్టిక్ అనే సందులు మూసే జిగురు పూయించు, లేదా అల్యూమినియం ఫాయిల్ టేపు వేయించు. గుడ్డ టేపు కొన్నాళ్లకే ఎండి ఊడిపోతుంది.

చివరగా, ఏసీ పావుగంట నడిచాక రిటర్న్ దగ్గరా, చల్లగాలి వచ్చే సప్లై దగ్గరా థర్మామీటర్ పెట్టు. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉండటం మామూలు. ఆ అంకె తేదీతో రాసి పెట్టుకుని, ప్రతి నెలా పోల్చి చూడు. ట్రే ఫోటో తీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య