కొర్ర పొట్టు మెత్తగా ఉంటే ‘ఇండ్యురేట్’ అని ఎందుకు రాశారు? – సమాధానం

మీరు చూసింది కింది ఫ్లోరెట్ (కంకిలోని బుల్లి పువ్వు) లెమ్మా, అంటే ఆ పువ్వును కప్పే బయటి పొట్టు రేకు, అయి ఉంటుంది. ఒంగోలు దగ్గర కోసిన కొర్ర కంకిలో పొట్టు పల్చగా ఉంది, పుస్తకంలో మాత్రం ‘లెమ్మా ఇండ్యురేట్’ అని ఉంది అన్నారు కదా. ఆ మాట పై ఫ్లోరెట్‌ది. ఇండ్యురేట్ అంటే ముదిరేకొద్దీ గట్టిపడినది.

1. బాగా పండిన కంకి తీసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే. పూత మీదో, పాలు పోసుకునే దశలోనో కోస్తే పై లెమ్మా కూడా మెత్తగానే ఉంటుంది, కీ (లక్షణాలను బట్టి మొక్కను గుర్తుపట్టే పట్టిక) తప్పుదారి పట్టిస్తుంది. హెర్బేరియానికి (ఎండబెట్టిన మొక్కల సేకరణకు) పూత కంకితో పాటు పండిన కంకి కూడా తప్పకుండా ఉంచండి.

2. లెన్స్ కింద సూదితో రెండు గ్లూమ్‌లు (ఫ్లోరెట్ల అడుగున ఉండే పొట్టు రేకులు), కింది లెమ్మా తీసేయండి. ఇవన్నీ పల్చటి పొరలే.

3. లోపల మిగిలిన మెరిసే గింజను గోటితో నొక్కండి. నొక్కుపడకపోతే ఇండ్యురేట్. తోలులా వంగితే దాన్ని ‘కొరియేషియస్’ అంటారు.

నూర్చిన కొర్రలు ఇంట్లో ఉంటే ఇంకా సులువు. వాటి మీది గట్టి పొట్టు ఆ పై లెమ్మా, దానికి ఎదురుగా ఉండే లోపలి రేకు పాలియాలే.