సీసా మీది 1906 జూన్ 30 తయారీ తేదీ కాదు

మీ ప్రాజెక్టులోని పాత అమెరికా మందు సీసా లేబుల్ మీద గ్యారంటీ మాట, సీరియల్ నంబరుతో పాటు ఉన్న ఆ తేదీ చట్టం తేదీ. అమెరికా ఆహార, ఔషధాల చట్టం మీద అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన రోజది. చట్టం అమల్లోకి వచ్చింది 1907 జనవరి 1న. కాబట్టి మీ ప్రాజెక్టులో "1906 నాటి మందు" అని కాకుండా "1906 చట్టం తర్వాతది" అని రాయండి.

ఇక "ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చిన మందు క్యాన్సర్ నయం చేస్తుందని ఎలా అబద్ధమాడింది?" అన్న మీ ప్రశ్న.

1. దాదాపు అందరూ దాటేసేది ఇదే: ఆ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం కాదు, కంపెనీయే. మా సరుకు చట్టప్రకారమే ఉందని తయారీదారు వ్యవసాయ శాఖకు హామీపత్రం ఇస్తే ఒక సీరియల్ నంబరు వచ్చేది. లేబుల్ మీదున్న నంబరు అదే. మందును ఎవరో పరీక్షించి పాస్ చేశారని దాని అర్థం కాదు. కొనేవాళ్లు మాత్రం సర్కారు ముద్రే అనుకునేవారు. కంపెనీలకు కావలసిందీ అదేగా!

2. ఆల్కహాల్, నల్లమందు, మార్ఫిన్, కొకైన్ లాంటివి ఉంటే ఎంత ఉందో లేబుల్ మీద వేయాలని ఆ చట్టం చెప్పింది. వాడకూడదని మాత్రం చెప్పలేదు.

3. జబ్బు నయమవుతుందన్న మాట ఈ చట్టం కిందికి రాదని 1911లో జాన్సన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ క్యాన్సర్ మందు కేసే.

4. 1912లో ఈ చట్టానికి చేసిన షెర్లీ సవరణ ఆ సందును కొంత పూడ్చింది. కానీ మోసం చేసే ఉద్దేశం ఉందని ప్రభుత్వమే రుజువు చేయాల్సి వచ్చేది. ఆ షరతు 1938 చట్టంతో పోయింది.